నడుము మీద చాయ్ గ్లాసు

మొన్న ఆదివారం పొద్దున గోదావరి వంతెన దాకా సైకిల్ తొక్కి వెనక్కి వస్తుంటే ఖని బస్టాండు దాటగానే వెనక చక్రం గాలి పోయింది. గోదావరిఖనిని మేం ఖని అనే అంటాం. పూర్తి పేరు పలికేవాడు ఎక్కడినుంచో వచ్చినవాడని లెక్క. సైకిల్ నడిపించుకుంటూ పోయి, చిన్నప్పటి నుంచీ ఎరిగిన పంక్చర్ భాయ్ దుకాణం ముందు ఆగాను. భాయ్ చక్రం ఊడదీస్తుంటే ఊరికే కిందికి చూశాను. గాలి కొట్టే పంపు కింద ఒక నల్లటి రబ్బరు బెల్టు ముక్క పరిచి ఉంది.

బొగ్గు మోసే బెల్టు అరిగి పనికిరాకుండా పోతే దాని ముక్కలు మా దగ్గర ప్రతి ఇంటికీ చేరతాయి. వాకిట్లో కాళ్లు తుడుచుకోవడానికి, కొట్టంలో బర్రె కింద, నీళ్ల డ్రమ్ము అడుగున, ఎక్కడ చూసినా అవే. అన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి. కాని దీన్ని నేను గుర్తుపట్టాను. ఒక చివర రెండు గుంటలున్నాయి, రెండు మోచేతులు ఆనించే ఎడంలో, నున్నగా అరిగి మెరుస్తూ. ఆ గుంటలు పడడంలో నా మోచేతుల వాటా కూడా ఉంది.

"ఇది కాకది గదా భాయ్, నీ దగ్గరికెట్ల వచ్చింది?" అన్నాను.

భాయ్ తలెత్తకుండానే చెప్పాడు. "కొడుకు తెచ్చి ఇచ్చిండమ్మా. ఇంట్ల ఉంటే వాళ్లమ్మ దాన్ని చూసి ఏడుస్తున్నదట. ఆయన ఎండకాలంల పోయిండు, నీకు ఎరుకలేదా?"

నాకు ఎరుకలేదు. నేనిప్పుడు రామగుండంలో ఉంటున్నాను, బడిలో పాఠాలు చెప్తున్నాను. నాన్న రిటైరై క్వార్టరు ఖాళీ చేసి అమ్మతో ఊరికి పోయాక ఖని కబుర్లు మాకు చేరడం తగ్గిపోయింది. అట్లాగని ఒక మనిషి పోతే తెలియనంత దూరమేం కాదు, సైకిల్ మీద చెమట పట్టేలోపు రావచ్చు. భాయ్‌ని ఆ బెల్టు ముక్క అడిగాను. తీస్కపో, నాకు ఇంకోటి దొరుకుతది అన్నాడు. బరువుగా ఉంటుంది అది. చుట్టచుట్టి సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య పెట్టుకుని వాళ్ల క్వార్టరు వైపు నడవడం మొదలుపెట్టాను. చక్రం బాగయినా ఎక్కి తొక్కబుద్ధి కాలేదు.

ఆయన పేరు రాయను. రాస్తే పైన ఎక్కడో కూర్చుని మీసం దువ్వుకుంటాడు. అసలే తన గురించి తనకు తక్కువ అభిప్రాయమేం లేదు. కాలనీలో అందరికీ ఆయన కాకే, బాబాయి లెక్క. మా నాన్న పనిచేసిన బాయిలోనే ఆయనా పనిచేసేవాడు. బొగ్గు గనిని మేం బాయి అంటాం. కింద బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా రెండు పక్కలా దుంగలు నిలబెట్టి, వాటి మీద అడ్డంగా దూలం వేయడం ఆయన పని. అంతకన్నా ముందు ఇనుప కడ్డీతో కప్పును తట్టి చెవి ఒగ్గి వినాలి. ఖంగుమంటే కప్పు మంచిది. డొల్లగా మోగితే దాని కింద నిలబడరాదు. పైకి వచ్చాక కూడా ఆయన తట్టడం మానలేదు. పుచ్చకాయను తట్టడం అందరూ చేసేదే. ఈయన తలుపులు తట్టేవాడు, బెంచీలు తట్టేవాడు, కొత్తగా కట్టిన గోడను తట్టి మేస్త్రీ మొహంలోకి చూసేవాడు. పెళ్లిచూపులకు వచ్చి మా ఇంటి గోడ తట్టిండు, మా బాపుకు గప్పుడే అనుమానమొచ్చింది అని చిన్నమ్మ చెప్పి నవ్వేది. చిన్నమ్మ అంటే ఆయన భార్య.

మా నడుముల్ని కూడా ఆయన అట్లాగే తట్టి చూసేవాడు, సన్నటి వెదురు కర్రతో. మేమంటే కాలనీలో సైకిల్ పందాల పిచ్చి పట్టిన పిల్లలం కొందరం. జిల్లా జట్టులోకి ఎంపిక కావాలని మా అందరికీ ఆశ. ఎట్లాగో అప్పోసప్పో చేయించి ఇంట్లోవాళ్లతో రేసు సైకిళ్లు కొనిపించుకున్నాం. వాటిని తుడవడం, నూనె పెట్టడం, ఒకరి సైకిల్ ఒకరికి చూపించుకోవడంతోనే మాకు సగం రోజు గడిచిపోయేది. డ్యూటీ దిగి ఇంటికి పోతూ ఆయన ఒకనాడు గ్రౌండు దగ్గర ఆగాడు. తన పాత నల్ల సైకిల్‌ను కాలితో ఆనించి నిలబడి, మేం గుండ్రంగా తిరుగుతుంటే చాలాసేపు చూశాడు. చూసి, అందర్నీ దిగమన్నాడు. సైకిళ్లు గోడకు ఒరగేయమన్నాడు.

"సైకిలెక్కుడు తర్వాత. ముందుగాల భూమ్మీద పండుండ్రి."

అట్లా మొదలైంది. మర్నాడు ఆ బెల్టు ముక్కను భుజాన వేసుకుని వచ్చాడు.

ఆయన దగ్గర ఒకటే కథ ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఒక పంద్రాగస్టు నాటి సైకిల్ పందెంలో ఓడిపోయిన కథ. గెలిచిన కథలు చెప్పుకునేవాళ్లు ఊరినిండా ఉంటారు. ఓడిన కథను అంత గొప్పగా చెప్పుకునే మనిషిని ఈయన్నే చూశాను. పందెం పొడుగునా అందరికన్నా ముందున్నాడట. చివర వంతెన ఎక్కే ఎత్తు మీద రామకృష్ణాపూర్ మనిషి ఒకాయన పక్కనుంచి దాటిపోయాడట. చెప్పిన ప్రతిసారీ ఆ రామకృష్ణాపూర్ మనిషి తొడలు ఇంకాస్త లావెక్కేవి. చివరికి మాత్రం ఎప్పుడూ ఒక్కమాటే. "నా కాళ్లు ఓడలే. కాళ్లల్ల ఇంకో ఊరికి పొయ్యేంత బలమున్నది. నడుము ఊగింది. కల్లు తాగినోని లెక్క అటొకసారి ఇటొకసారి ఊగింది. బలమంత గా ఊగుడుకే పోయింది."

దుంగ ఎంత గట్టిదైనా కింద నేల మెత్తగా ఉంటే దిగబడిపోతుంది. కాలు తొక్కాలంటే దాని వెనక నడుము కదలకుండా నిలబడాలి. ఇదీ ఆయన శాస్త్రం. మిగతాదంతా దీన్ని మా ఒంట్లోకి ఎక్కించే పాట్లు. మోచేతులూ కాలివేళ్లూ నేలకు ఆనించి ఒళ్లంతా వాసంలా నిలపడాన్ని ఇప్పుడు అందరూ ప్లాంక్ అంటున్నారు. ఆయన దాన్ని దూలం అనేవాడు. ఒక పక్కకు తిరిగి ఒంటి మోచేయి మీద నిలబడితే పక్క దూలం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తితే వంతెన. వెల్లకిలానే పడుకుని ఎదురెదురు చెయ్యీ కాలూ చాపుతూ ముడుస్తూ ఉంటే అది బొద్దింక. మొదటి వారం అమ్మాయిలం నవ్వలేక చచ్చాం. రెండో వారం నవ్వడానికి కడుపు సహకరించలేదు. ఇవి కాక గోదావరి ఇసుక నింపిన సంచి భుజాన వేసి గ్రౌండు మెట్లు ఒక్కో కాలి మీదే ఎక్కించి దించేవాడు. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలితే వెదురు కర్ర దాని పక్కన అడ్డం వచ్చేది.

ఇక చాయ్ సంగతి. చిన్నమ్మ రోజూ ఫ్లాస్కులో చాయ్ పోసి, ఒక స్టీలు గ్లాసు ఇచ్చి పంపేది. ఆయన గ్లాసు నిండా పోసుకుని ఊదుకుంటూ ఒక గుటక తాగి, దూలంలో ఉన్నవాళ్లలో ఎవరో ఒకరి నడుము మీద దాన్ని పెట్టేవాడు. మిగతావాళ్ల నడుములు తట్టి వచ్చి, గ్లాసు తీసుకుని ఇంకో గుటక తాగి, పక్కవాళ్ల మీద పెట్టేవాడు. ఆయన చాయ్ అయిపోయేదాకా దూలం దించరాదు. గడియారం లేదు, లెక్కపెట్టడం లేదు. ఎండాకాలంలో ఫర్వాలేదు గాని చలికాలంలో చాయ్ మీద ఆయనకు ప్రేమ ఎక్కువై మరీ నిదానంగా తాగేవాడు. ఎవరి నడుము కుంగినా గ్లాసు ఒరిగేది. తిట్టేవాడు కాదు. పారిపోయిన చాయ్ వైపు ఎవరో దగ్గరివాళ్లు పోయినట్టు చూస్తూ నిలబడేవాడు. ఆ చూపుకన్నా తిట్లే నయం.

అన్నీ తెలిసిన మనిషి అనుకునేరు. కసరత్తు మధ్యలో నీళ్లు తాగితే కడుపులో బలం కరిగిపోతుందని నమ్మకం. మేలో రామగుండం ఎండ ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ నమ్మకం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. మేం ఆయన కళ్లుగప్పి నల్లా దగ్గరికి పోయి తాగొచ్చేవాళ్లం. సోఫాలో కూర్చున్నవాడికి నడుము పోతుందని ఎవరింటికి పోయినా నేలమీదే కూర్చునేవాడు. పచ్చి గుడ్డు తాగమని మా ప్రాణం తీసేవాడు. మేం వేసుకునే బిగుతు చొక్కాల్ని చూసి మొదట్లో మొహం తిప్పుకున్నాడు గాని, ఊగే నడుము అందులో బాగా కనిపిస్తుందని తెలిశాక ఒప్పుకున్నాడు. మెచ్చుకోవడం మాత్రం ఆయనకు చేతనయ్యేది కాదు.

నన్ను ఒక్కసారి మెచ్చుకున్నాడు. జిల్లా ఎంపిక ముందు ఒకనాడు వంతెన మీద ఎదురుగాలి. ముందుకు తొక్కుతుంటే ఎవరో వెనక్కి తోస్తున్నట్టుంది. ఆయన తన నల్ల సైకిల్ మీద నా వెనకే వస్తున్నాడు. అంతకుముందు అట్లాంటి గాలికి నేను సీటు మీద అటూ ఇటూ జారుతూ, భుజాలతో గుంజుతూ తొక్కేదాన్ని. ఆనాడు నడుము సీటు మీద కుదురుగా కూర్చుంది. కాళ్లు వాటి పని అవి చేసుకున్నాయి. వంతెన దిగాక ఆయన పక్కకు వచ్చి, గాలికి మీసం చెదిరిపోయి, "కప్పు గట్టిగున్నది బిడ్డా" అన్నాడు. అంతే, ముందుకు పోయాడు. జిల్లా జట్టులోకి ఎంపికయ్యాను, ఒకటి రెండు పోటీలు తొక్కాను, తర్వాత చదువూ పెళ్లీ నౌకరీ వచ్చాయి. ఆ పోటీల సంగతి ఎవరూ అడగరు, నేనూ తలచుకోను. ఆ మాట మాత్రం గుర్తుంది.

ఆయనకు ఒక్కడే కొడుకు. మాకన్నా కొంచెం చిన్నవాడు. మేం బెల్టు మీద వణుకుతుంటే వాడు పుస్తకం పట్టుకుని అటునుంచి ట్యూషన్‌కి పోయేవాడు. మీ వాణ్ని కూడా రమ్మనొచ్చు గదా కాకా అని మాలో ఎవరో అంటే ఆయన కోపగించుకున్నాడు. వాడు బాయి దిగేవాడు కాదు, కుర్చీలో కూర్చునేవాడు, వాడికి ఈ మోతలతో పనేంటని. వాడు డిగ్రీ చదివాడు. పరీక్షలు రాశాడు, రాశాడు, రాస్తూనే ఉన్నాడు. మధ్యలో ఒక ఫోన్ల దుకాణంలో కూర్చున్నాడు. అది కూడా కుర్చీయే గాని ఆయన అనుకున్న కుర్చీ కాదు. పెళ్లి సంబంధాలు నౌకరి దగ్గర ఆగిపోతున్నాయి. ఇంట్లో మాటలు మొదలయ్యాయి.

ఇక్కడ మా దగ్గరి సంగతి ఒకటి చెప్పాలి. బాయిలో పనిచేసే మనిషి జబ్బుపడి ఇక డ్యూటీకి పనికిరాడని డాక్టర్ల బోర్డు రాస్తే, ఆ నౌకరి ఆయన కొడుక్కో బిడ్డకో వస్తుంది. కొత్తగూడెంలో కంపెనీ పెద్దాసుపత్రికి పిలిచి పరీక్షలు చేస్తారు. అన్‌ఫిట్ అని వచ్చిందంటే ఆ ఇంట్లో పండగే. మిఠాయి పంచుతారు. మా ఆయన అన్‌ఫిట్ అయిండు అని ఆడవాళ్లు ఎదురొచ్చి చెప్పుకుంటారు, విన్నవాళ్లు అదృష్టవంతులంటారు. ఫిట్ అని వచ్చిన ఇంటికి పలకరించడానికి పోతారు. రిటైర్మెంటు మరీ దగ్గరపడితే ఆ అవకాశం కూడా ఉండదు. నేను అక్కడే పుట్టి పెరిగాను కాబట్టి ఇందులో వింతేమీ నాకు చాలాకాలం కనబడలేదు.

కాక కూడా బోర్డుకు పోయాడు. రిటైర్మెంటు ఇంకా కొంత దూరంలో ఉండగానే, చిన్నమ్మ పోరు పడలేక పోయాడు. అన్నేళ్లు బాయిలో పనిచేసినవాడు, ఏదో ఒకటి బయటపడకపోతుందా అని అందరం అనుకున్నాం. పోటీలు మానేసినా మాలో కొందరం అప్పటికీ గ్రౌండుకు పోతూనే ఉన్నాం. తిరిగొచ్చిన మర్నాడు గ్రౌండుకు వచ్చి, చాయ్ పోసుకుంటూ చెప్పాడు. డాక్టరు వంగమన్నాడట, లేవమన్నాడట, కాళ్లెత్తమన్నాడట, ఎక్స్‌రే చూశాడట. ఈ వయసులో ఇట్లాంటి నడుము నేను చూడలేదని పక్కనున్న డాక్టర్ని పిలిచి చూపించాడట. ఇది చెప్తూ మీసం దువ్వాడు. చెప్పడం అయిపోయాక ఆయనకే ఏదో తట్టినట్టుంది. చేతిలో గ్లాసు అట్లాగే పట్టుకుని, ఎవరి నడుము మీదా పెట్టకుండా నిలబడిపోయాడు. ఫిట్ అని రాశారు.

నల్లా దగ్గర చిన్నమ్మ మా అమ్మతో అన్న మాట నేను విన్నాను. "ఆ నడుమే మా కొంప ముంచింది అక్కా." మా అమ్మ బిందె సర్దుకుంది.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆయన రావడం మానేశాడు. గ్రౌండు ఒక్కటే కాదు, ఒళ్లు వంచడమే మానేశాడు. నల్ల సైకిల్ అమ్మేసి స్కూటర్ కొన్నాడు. డ్యూటీలో కూడా తేలిక పని అడిగి వేయించుకున్నాడట. ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ముందు ఇంకో కుర్చీ మీద కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. పక్కన మిర్చిబజ్జీల పొట్లం. మేం సైకిళ్ల మీద అటునుంచి పోతుంటే చూసేవాడు గాని పలకరించేవాడు కాదు. సోఫా కూడా కొన్నాడని విన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. అప్పటికి నాకు పెళ్లయింది, రామగుండం మారాను. అయినా ఒక ఆదివారం పనిగట్టుకుని పోయాను.

పొట్ట వచ్చింది. మొహం ఉబ్బింది. కుర్చీలోంచి లేవకుండానే నన్ను కూర్చోమన్నాడు. నేను చాటుమాటు లేకుండా అడిగేశాను, ఏంది కాకా ఇది, నీ అంతట నువ్వే పాడుచేసుకుంటున్నవా అని. ఆయన దాచలేదు. బోర్డు ముందు ఇక్కడ నొప్పి, అక్కడ నొప్పి అని మూలుగుతూ చెప్పేవాళ్లుంటారని, తనకూ చాలామంది అదే చెప్పమన్నారని అన్నాడు.

"కప్పు గట్టిగుంటే డొల్ల అని నేను ఎన్నడు చెప్పలే బిడ్డా. డొల్లగుంటే గట్టి అని చెప్పలే. నడుము మీద అబద్ధం నాతోని కాదు. అందుకే నిజమే చేస్తున్న."

నాకు ఒళ్లు మండింది. అది తిరిగి రాదని, చక్కెర జబ్బొస్తుందని, గుండెకు చేటని, నోటికొచ్చినదంతా అన్నాను. ఆయన నవ్వాడు. సైకిల్‌ను గోడకు ఒరగేసినట్టే ఇది కూడా, వాని నౌకరి పడంగనే మళ్ల ఎక్కుత అన్నాడు. ఇదొక్కటి ఆయన నిజంగా నమ్మాడు. నీళ్లు తాగితే బలం కరుగుతుందని నమ్మినట్టే నమ్మాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్లు అసలు లేరు.

అప్పుడు ఆయన చేసిన పని నేను మరచిపోలేను. లోపలికి పోయి ఆ బెల్టు తెచ్చి వాకిట్లో పరిచాడు. కూర్చోవడానికే చేత్తో గోడ పట్టుకున్నాడు. మోచేతులు ఆ గుంటల్లో పెట్టి దూలం వేశాడు. వేయగానే నడుము కుంగింది, చేతులు వణికాయి. తల పక్కకు తిప్పి, సంతోషంగా, పరీక్ష పాసైన పిల్లాడి మొహంతో, "చూసినవా, ఎట్ల వణుకుతున్నదో. చాయ్ పెట్టు, చూద్దాం" అన్నాడు. నేను పెట్టనన్నాను. పెట్టమని బతిమాలాడు. చిన్నమ్మ నాకోసం తెచ్చిన చాయ్ గ్లాసు తీసి ఆయన నడుము మీద పెట్టాను. చేయి తీసీ తీయకముందే ఒరిగిపోయింది. ఆయన బెల్టు మీద బోర్లా పడి పగలబడి నవ్వాడు. గడప దగ్గర నిలబడ్డ చిన్నమ్మ కూడా నవ్వింది. నేను ముంత పట్టుకుని నీళ్లు పోసి కడిగాను. ఆయన మీద నాకు ఆనాడు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు.

రెండోసారి బోర్డుకు పోయినప్పుడు అన్‌ఫిట్ అయ్యాడు. నడుము ఒక్కటే కాదు, చక్కెర, బీపీ, గుండె, అన్నీ వచ్చి చేరాయి. మిఠాయి డబ్బా పట్టుకుని రామగుండం మా ఇంటికి వచ్చాడు, ఆటోలో. మెట్లెక్కి పైకి రావడానికి మధ్యలో రెండుచోట్ల ఆగాడు. కొడుక్కి నౌకరి పడింది, క్వార్టరు ఉంది, సంబంధం కుదిరేట్టుంది. అన్నీ తను అనుకున్నట్టే జరిగాయని చెప్పి, సోఫాలో కూర్చుని చాయ్ తాగి పోయాడు. వచ్చే నెల నుంచి మళ్ల మొదలుపెడుత అన్నాడు.

మొదలుపెట్టాడు కూడా. ఆ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే ఒక పొద్దున ఖని మీదుగా తొక్కుకుంటూ పోతుంటే గ్రౌండులో ఒక్కడే కనిపించాడు. బెల్టు పరిచి, దాని పక్కన నిలబడి దాని వైపే చూస్తున్నాడు. అరికాలికి కట్టు ఉంది, చక్కెర పుండట. నేను దిగి దగ్గరికి పోయాను. కిందికి వంగితే కళ్లు తిరుగుతున్నాయని, ఒకసారి పడుకుంటే ఎవరైనా వచ్చి లేపాలని చెప్పాడు. వెదురు కర్ర చేతిలో ఉంది, కాని దాన్ని ఊతంగా పట్టుకున్నాడు.

"అలిగింది బిడ్డా. ఎంత పిలిచినా వస్తలేదు."

నేను పట్టుకుని ఇంటికి తోడుకుపోయాను. మీసం దువ్వుకోవడం కూడా మానేశాడని ఇంటి దగ్గర వదిలి వస్తున్నప్పుడు గమనించాను. అదే ఆఖరు చూపు.

ఇవన్నీ తలచుకుంటూ, బెల్టు సైకిల్ మీద పెట్టుకుని, ఆ క్వార్టరు ముందుకు వచ్చాను. చిన్నమ్మ గడపలో కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టింది. నేను బెల్టును కనబడకుండా గోడ వారకు పెట్టబోయాను గాని అప్పటికే చూసేసింది. పక్కన కూర్చున్నాను. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయాడని, పోయేముందు రోజు కూడా కొడుకు డ్యూటీ దిగి వచ్చేదాకా అన్నం తినలేదని చెప్పింది. మీ ఇంటి జాగ ఆయనకే ఎరుకుండె, మాకు తెలువక కబురు చెయ్యలేకపోయినం అంది.

లోపలి నుంచి కొడుకు వచ్చాడు, ఒక చేయి నడుము మీద పెట్టుకుని. ఆదివారం కదా, సెలవు. డ్యూటీ ఎట్లున్నదిరా అన్నాను. కింద ఇనుప పైపులు, కేబుళ్లు, దుంగలు మోసి జాగలు మార్చే పని వేశారట. కుర్చీ పని కాదు. పొద్దున లేవాలంటే మంచం పట్టీ పట్టుకుని లేస్తున్నాడట. దవాఖానలో గోళీలిచ్చారు, కొన్నాళ్లు బాగుండి మళ్లీ మామూలే. వాడి కళ్లు గోడవార ఉన్న బెల్టు మీద పడ్డాయి. దానివైపే చూస్తూ అన్నాడు.

"బాపు మీకందరికి నేర్పిండు అక్కా. నాకు ఒక్కనాడు చెప్పలే. ఆయన నడుము పెట్టి తెచ్చిన నౌకరి ఇది, మోద్దామంటే నాకు నడుము లేదు. నువ్వు చెప్తవా?"

లేచి బెల్టు తెచ్చి వాకిట్లో పరిచాను. మోచేతులు ఎక్కడ పెట్టాలో చెప్పనక్కర్లేకపోయింది, గుంటలే చెప్పాయి. కాలివేళ్ల మీద లేచాడు. లేచీ లేవకముందే నడుము కిందికి జారింది. రెండు వేళ్లతో తట్టి చూశాను. ఆయన చెవులు నాకు లేవు గాని ఆ మాత్రం నాకూ తెలుస్తుంది. డొల్ల అని వాడికి చెప్పలేదు. కడుపు లోపలికి పట్టు, మెడ దించకు, ఊపిరి బిగబట్టకు అన్నాను. మధ్యలో నీళ్లు తాగొచ్చు అని కూడా చెప్పాను.

చిన్నమ్మ ఎప్పుడు లోపలికి పోయిందో చూడలేదు. నాకోసం చాయ్ పట్టుకుని వచ్చింది, అదే స్టీలు గ్లాసులో. ఇవ్వబోయి ఆగింది. వణుకుతున్న కొడుకు నడుమును చూస్తూ నిలబడింది.

"ఆ నడుమే మా కొంప ముంచిందని నేనే అన్న బిడ్డా, మీ అమ్మతోని. గా నడుమే ఉంటే ఇయ్యాల మనిషి ఉంటుండె."

అని, గ్లాసును రెండు చేతుల్తో వాడి నడుము మీద పెట్టింది. గ్లాసు ఒక్క క్షణం నిలబడి ఒరిగిపోయింది. చాయ్ బెల్టు మీద పారి గుంటల్లో నిండింది. వాడు లేవబోయాడు. చిన్నమ్మ వాడి భుజం మీద చెయ్యివేసి, లేవకు అన్నట్టు నొక్కి, కిందపడ్డ గ్లాసు తీసుకుని మళ్లీ చాయ్ పోసుకురావడానికి లోపలికి పోయింది.